గూడవల్లి రామబ్రహ్మముగారి చేవ్రాళ్లు

పూర్వులను కొనియాడుట ప్రతి సంఘమునకును సహజము. మహాసభలలో వారి పటములకు పూలమాలలు వేయుదుము. సంచికలలో వారి చరిత్రలు ప్రకటింతుము. కాని ఆ మహనీయులు స్వహస్తముతో వ్రాసిన కాగితములు మన యిండ్లలో ఎన్ని మిగిలియున్నవని యెవరైన నడిగినచో తల వంచుకొనవలసి వచ్చును. పటము మన భక్తిని తెలుపును. కాగితము వారి పనిని తెలుపును. పత్రికా సంపాదకులుగా నుండి చలనచిత్ర నిర్మాతలైన కీర్తిశేషులు గూడవల్లి రామబ్రహ్మముగారి చేవ్రాలున్న కాగితములను సేకరింపవలసిన యావశ్యకతను సభ్యులకును పోషకులకును విన్నవించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

రామబ్రహ్మముగారు 1902లో కృష్ణామండలమున జన్మించి 1946లో దివంగతులైరి. మొదట వారి ఆయుధము కలము. చెన్నపురినుండి వెలువడిన ‘ప్రజామిత్ర’ సంపాదకులుగా వారు పేరు గాంచిరి. అయినను పత్రిక యెంత పదునుగ వ్రాసినను చదువనేర్చిన వారికే యందును. నాటి పల్లెలలో అట్టివారు కొలదిమంది. టాకీ యన్ననో, కన్నులును చెవులును గల ప్రతివానికిని అందును. నాడు తెలుగు టాకీ పురాణకథలను విడిచి కదలుటకు జంకుచుండెను. సంపాదకీయమున వ్రాయదగిన విషయమును తెరమీద చూపవచ్చునని రామబ్రహ్మముగారు తలపోసిరి. ఆ తలంపునకు ధనబలము చేకూర్చినవారు చల్లపల్లి రాజావారగు శ్రీ యార్లగడ్డ శివరామప్రసాద్ బహద్దరుగారు. వారి పోషణమున సారథి ఫిల్మ్స్ నెలకొనెను.

1938లో వెలువడిన ‘మాలపిల్ల’ ఆ సంస్థకు తొలి కీర్తి. కథ గుడిపాటి వెంకటచలముగారిది. సంభాషణలు తాపీ ధర్మారావుగారివి. అంతకు ఐదేండ్లకు ముందే కన్నుమూసిన కవి బసవరాజు అప్పారావుగారి గీతములును అందు చేరినవి. అస్పృశ్యులని వెలివేయబడిన యింటి కన్యగా కాంచనమాల నటించిరి. తిరువాన్కూరులో ఆలయములు అందరికిని తెరువబడినది 1936లో. చెన్నరాజధానిలో నాటికింకను ఆ వివాదము రగులుచునే యుండెను. అట్టి సమయమున కులభేదమును దాటిన ప్రేమను, దేవాలయ ప్రవేశమును టెంటు హాళ్లవరకు తీసికొనిపోయిన చిత్రమిది.

‘మాలపిల్ల’ను మెచ్చుట మనకు సులభము. అందు దెబ్బ తగిలినది పరుల ఆచారమునకని సరిపెట్టుకొనవచ్చును. 1939 నాటి ‘రైతుబిడ్డ’ అట్లు కాదు. అది భూస్వామి చేతిలో నలిగిన రైతు కథ. బళ్లారి రాఘవగారంతటి రంగస్థల నటులు అందు పాత్ర ధరించిరి; కొసరాజు రాఘవయ్యచౌదరిగారు పాటలు వ్రాసిరి. బొబ్బిలి, వేంకటగిరి జమీందారులు ఆ చిత్రమును ప్రతిఘటించిరి. దాని ప్రదర్శనమునకు నిషేధములును తప్పలేదు. ఇందొక విశేషము గమనింపదగును. జమీందారీ వ్యవస్థను తూలనాడిన యీ చిత్రమునకు పెట్టుబడి పెట్టిన సంస్థ యొక జమీందారు పోషణములోనిది. తన వర్గమునకు రుచింపని మాటను ఇతరులు చెప్పుటకు ధనమిచ్చిన దాత, అట్టి ధనమును పుచ్చుకొనియు మాట మార్చని సంపాదకుడు, ఇరువురును ఒక్కచోట కలిసిరి. జమీందారీల రద్దు చట్టము 1948లో వచ్చెను. దానిని చూచుటకు రామబ్రహ్మముగారు మిగులలేదు. ‘ఇల్లాలు’, ‘అపవాదు’, ‘పత్ని’, ‘పంతులమ్మ’, ‘మాయాలోకము’ వారి తక్కిన కృషి. ‘పల్నాటి యుద్ధము’ను వారి మరణానంతరము ఎల్.వి. ప్రసాదుగారు పూర్తిచేయగా 1947లో వెలువడెను.

ఇట్టివారి చరిత్రకు ఆధారమేది? ఆనాటి ఫిలుము నిప్పు తగిలిన భగ్గుమను నైట్రేటుది. అట్టి ప్రతులనేకము కాలిపోయినవి, కుళ్లిపోయినవి; వెండిని రాబట్టుటకై కరగించినవియు గలవు. ఫిలుము పోయినచోట కాగితమే సాక్షి. తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలయ్యెనని లోకము దశాబ్దములు నమ్మెను. పాత్రికేయులు రెంటాల జయదేవగారు పాత ఆధారములను గాలించి, అది 1932 జనవరి 22న సెన్సారై, ఫిబ్రవరి 6న బొంబాయిలో ప్రదర్శింపబడెనని నిరూపించిరి. ఒక తేదీకే యింత శ్రమ పట్టినప్పుడు, ఒక మనుష్యుని ఆలోచనలను తెలిసికొనుటకు ఎన్ని కాగితములు వలయునో ఊహింపుడు.

కావున చేవ్రాలున్న ప్రతి వస్తువును వెదకవలయును. పత్రికా కార్యాలయమునుండి రచయితలకును చందాదారులకును వ్రాసిన ఉత్తరములు, నటులతోడి ఒడంబడికలు, చేవ్రాలు చేసి యిచ్చిన ఛాయాపటములు, పాటల పుస్తకములు, జమాఖర్చు పద్దులు ఇందు చేరును. రసీదులను చిల్లరవని త్రోసివేయరాదు. 1899 నాటి స్టాంపు చట్టము ననుసరించి ఇరువది రూపాయలు మించిన రసీదుపై రెవిన్యూ స్టాంపు అంటించి చేవ్రాలు చేయవలసి యుండెను. ఆ చిన్న కాగితమే ఎవరికెంత యిచ్చిరో, ఎప్పుడిచ్చిరో తెలుపును. పెట్టెల అడుగున, అటకలమీద, పాత దస్తావేజుల నడుమ ఇట్టివి దొరకును.

దొరకినదెల్ల నిజమైనదని నమ్మరాదు. పాటల పుస్తకములందు చేవ్రాలును బ్లాకు చేయించి అచ్చువేయుటయు గలదు. భూతద్దముతో చూచినచో కలపు సిరా కాగితపు నారలోనికి ప్రాకియుండును. గీతపై గీత పడినచోట చిక్కబడును. అచ్చు సిరా అంతటను ఒక్కరీతిగ నుండును. బాల్‌పెన్ను 1940ల నడుమగాని బజారులకు రాలేదు. కనుక 1938 నాటి పటముపై దానితో చేసిన వ్రాలు కల్ల. నయాపైసలు 1957లోను, పిన్‌కోడు 1972లోను వచ్చినవి. అవి కనబడిన కాగితము వారి కాలముది కానేరదు. అన్నిటికంటె బలమైన సాక్ష్యము వస్తువు చేతులు మారిన క్రమము. ఎవరి యింట నుండెను, ఎవరిచ్చిరి, ఎన్నడిచ్చిరి యను మూడు సంగతులను ఆనాడే వ్రాసి యుంచవలయును.

ఉత్తరమునుండి చేవ్రాలును కత్తిరించి చట్రమున బిగించువారు కలరు. అట్లు చేసినచో పేరు మిగిలి మాట పోవును; అది చరిత్రకు చేసిన ద్రోహము. కాగితమును ప్లాస్టికు పొరలో అతికింపరాదు. జిగురు పట్టీలు అంటింపరాదు. ఎండ తగులని పొడి తావున, ఆమ్లము లేని కవరులో భద్రపరచి, స్కాను ప్రతులు తీయించినచో మూలమును మాటిమాటికి తాకనక్కరలేదు.

ఇక ముఖ్యమైన మాట. సేకరించువారు తమకు ఇంపైనవానినే యేరుకొనుట లోకస్వభావము. రామబ్రహ్మముగారి విషయమున అట్లు చేసినచో మనము సేకరించినది వారిని గాదు, మన యద్దమును. మన భూస్వాములను నొప్పించు ఉత్తరము దొరకినను, మన పెద్దలతో వారికి గల విభేదమును తెలుపు కాగితము కనబడినను, దానినే ముందుగ భద్రపరుపవలయును. కులభేదమును ధిక్కరించిన చిత్రమును తీసిన పురుషుని, మన కులమున పుట్టెనను కారణమున మన బీరువాలో బంధించుట తగదు. సేకరించిన మూలములను ప్రజలందరును చదువదగిన గ్రంథాలయమున ఉంచవలయును. ఏ గడప తనకు మూయబడి యుండెనని ఆ చిత్రము చాటెనో, ఆ గడపలోని విద్యార్థియు వచ్చి ఆ కాగితమును చేతబట్టి చూడగలుగవలయును.

సభ్యులారా, ఈ యేడు ప్రతివారును తమ యింటి పాత పెట్టె నొక్కమారు తెరచి చూడుడు. పోషకులారా, విగ్రహముల కిచ్చు ధనమున కొంతభాగము కాగితములకును ఇండు. చల్లపల్లివారు తమకు అనుకూలింపని మాటకును ధనమిచ్చిరి. ఆ మాట నేటికిని నిలిచియున్నది. దాతృత్వమున కంతకంటె మించిన చేవ్రాలు లేదు.