అక్షరముల మారువేషము

నేడు నేను మీతో ముచ్చటింపదలచినది గూఢలేఖనమును గూర్చి. వాత్స్యాయనుడు చతుష్షష్టి కళలను లెక్కించుచు మ్లేచ్ఛితవికల్పమను పేర దీనిని చేర్చియున్నాడు. కావున ఈ విద్య మన దేశమునకు క్రొత్తది కాదు.

ఇందు మిక్కిలి సులభమైన మార్గము అక్షరమును జరుపుట. గుణింతమును మార్పక, ప్రతి హల్లునకును దాని తరువాతి హల్లును వ్రాసినచో "రామ" అనునది "లాయ" యగును. రోమను సేనాని జూలియస్ సీజరు తన ఆంతరంగిక లేఖలలో ఒక్కొక్క అక్షరమునకు బదులు మూడు స్థానముల ముందుదానిని వాడెడివాడని చరిత్రకారుడు సుటోనియసు వ్రాసినాడు. రెండువేల యేండ్ల పిమ్మట సిసిలీ ద్వీపమున మాఫియా నాయకుడు ప్రొవెన్‌జానో తన చీటీలలో పేర్లను అంకెలతో వ్రాయుచు, అక్షరస్థానమునకు అదే మూడు కలిపెడివాడు. అతడు 2006 ఏప్రిల్ 11న పట్టుబడినాడు. ఆ చీటీలను చదువుట పోలీసులకు కష్టము కాలేదు.

ఏల కాలేదో మొన్న మా మనుమడు నాకు కన్నులార చూపినాడు. కంప్యూటరులో స్ప్రెడ్‌షీటను గళ్ళపట్టికను తెరచి, ఆంగ్లాక్షరములకు 1 మొదలు 26 వరకు సంఖ్యలు వేసెను. ప్రతి సంఖ్యకు 3 కలుపుమని, మొత్తము 26 మించినచో 26 తీసివేయుమని యంత్రమునకు చెప్పెను. కడపటి అక్షరమగు జడ్‌కు 29 వచ్చెను. 26 పోగా 3, అనగా సి. నా మాట క్షణములో మరుగుపడినది. పిదప అతడే మరి 25 వరుసలు గీచి, గూఢలేఖను ఒక్కొక్క వరుసలో ఒక్కొక్క స్థానము వెనుకకు జరిపినాడు. ఒక్క వరుసలో మాత్రము అర్థము కుదిరినది; రహస్యము బయటపడినది! ఇరువదియైదు తాళపుచెవులే కల తాళమునకు దొంగ ఏల వెరచును?

అక్షరములను వరుస తప్పించి కలగాపులగము చేసినచో చెవులు అసంఖ్యాకములగును. అయినను క్రీ. శ. 9వ శతాబ్దిలో బాగ్దాదు పండితుడు అల్ కిందీ దానికిని ఉపాయము కనిపెట్టెను. ప్రతి భాషలోను కొన్ని అక్షరములు తరచుగను, కొన్ని అరుదుగను వచ్చును. గూఢలేఖలో ఏ గుర్తు ఎన్నిమారులు వచ్చినదో లెక్కించిన, దాని వెనుకనున్న అక్షరము దొరకును. సంతలో మారువేషగానిని నడకనుబట్టి పోల్చినట్లే కదా!

స్కాట్లండు రాణి మేరీకి ఇది ప్రాణము తీసినది. ఇంగ్లండులో బందీగానుండి, 1586లో ఆమె బాబింగ్టను అను యువకునితో గూఢలిపిలో ఉత్తరములు నడిపెను. అవి బీరు పీపాల బిరడాలలో దాగి పోయెడివి. మంత్రి వాల్సింగ్‌హాము సేవకుడైన ఫెలిప్సు వానినన్నిటిని విప్పి చదివెను. లిపిని నమ్మి వ్రాసిన మాటలే సాక్ష్యములైనవి. 1587 ఫిబ్రవరి 8న ఆమెకు శిరచ్ఛేదము జరిగెను. గూఢలిపియే లేకున్న ఆమె అంత తెగువగా వ్రాసియుండెడిదా?

1883లో కెర్కాఫ్సు అను పండితుడు ఒక నియమము చెప్పెను: పద్ధతి శత్రువునకు తెలిసినను, తాళపుచెవి దొరకనంతవరకు రహస్యము నిలువవలెను. నేటి గూఢలేఖనమునకు ఇదియే పునాది.

మనుమని పట్టిక ఆటకు చక్కనిది. కాని దాచవలసిన మాటను దానికి అప్పగింపవలదని వానికి చెప్పితిని. తాళము లేని ఇంట సొమ్ము నుంచువాడు మెలకువగానుండును; పనికిరాని తాళమును నమ్మినవాడు నిద్రపోవును.