శిక్ష తీరాక మిగిలే ముద్ర

నేరస్థుడన్న ముద్రను మన దేశంలో చట్టమే పుట్టుకతో అంటగట్టిన కాలం ఒకటుంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని తెగలను మొత్తంగా నేరస్థ జాతులని ప్రకటించింది. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ పర్యవేక్షణ కింద ఎరుకల కుటుంబాలను ఉంచారు. ఈ చట్టం కింద పేరు నమోదైనవాళ్లు వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటాలంటే పాసు చూపించాలి. ఏ కోర్టులోనూ నేరం రుజువు కాకుండానే బతుకుతెరువు మూసుకుపోయేది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. దాని స్థానంలో పలు రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చుకున్నాయి.

కోర్టులో నేరం రుజువైనవారికి 1958 నాటి ప్రొబేషన్ చట్టం కొంత ఊరట. మందలింపుతోనో, సత్ప్రవర్తన బాండుతోనో కోర్టు వదిలిపెట్టినవారికి శిక్షపడ్డ కారణంగా వచ్చే అనర్హత ఉండకూడదని 12వ సెక్షన్ చెబుతుంది. జైలుకెళ్లి వచ్చినవారికి ఆ రక్షణ లేదు.

సర్కారు కొలువు చేతిదాకా వచ్చాక అటెస్టేషన్ ఫారం నింపాలి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, శిక్ష పడిందా అని అందులో అడుగుతారు. ఢిల్లీ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగానికి 1999లో దరఖాస్తు చేసిన ఒక యువకుడు ఇలాంటి ప్రశ్న దగ్గరే చిక్కుకున్నాడు. ఇరవయ్యేళ్ల వయసులో జరిగిన కొట్లాట కేసు అది. రాజీ కుదిరి కొట్టేశారు కూడా. అయినా దరఖాస్తులో ఆ సంగతి దాచాడని శాఖ కాదంది. కుర్రతనపు తప్పును మన్నించాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2011 వచ్చింది. అన్నేళ్లు పోరాడే స్తోమత ఎందరికుంటుంది? 2016లో ఇలాంటిదే అయిన అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మార్గదర్శకాలిచ్చింది. చిన్న కేసైతే మన్నించవచ్చంది. ఆ నిర్ణయం మాత్రం అధికారి చేతిలోనే ఉంది.

నన్ను బాగా బాధించేది వేరే ఉంది. రెండేళ్లు, అంతకుమించి శిక్షపడిన శాసనసభ్యుడికి కూడా, విడుదలైన ఆరేళ్లకు మళ్లీ పోటీచేసే హక్కును 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే ఇస్తోంది. అటెండరు ఉద్యోగం అడిగేవాడికి అలాంటి గడువేదీ లేదు. బ్రిటన్ 1974లోనే, నిర్ణీత కాలం గడిచాక పలు రకాల శిక్షలను చెల్లిపోయినట్టుగా చూసే చట్టం చేసుకుంది. మన దగ్గర 2015 నాటి బాలన్యాయ చట్టం పిల్లలకు అలాంటి వెసులుబాటు ఇచ్చింది. పెద్దలకు అలాంటి సాధారణ చట్టం నేటికీ రాలేదు. చట్టం లేకున్నా, తెలంగాణ జైళ్ల శాఖ తన పెట్రోలు బంకుల్లో విడుదలైనవారికి పని ఇస్తోంది. అక్కడ పాత కేసు సంగతి దాచుకోవాల్సిన అవసరం లేదు.