బీమా లెక్క నుంచి పురపాలక పద్దుకు: వైమార్ జర్మనీలో నిరుద్యోగ భృతి భారం (1927–1933)

ఉపోద్ఘాతం

జాతీయ స్థాయిలో సామాజిక బీమా ఏర్పడితే పేదల పోషణ విషయంలో స్థానిక ప్రభుత్వాలకు ఊరట లభిస్తుందన్నది సాధారణ అభిప్రాయం. బీమా నిధి బలంగా ఉన్నంతకాలం ఇది నిజమే. నిధి తట్టుకోలేని స్థితి వచ్చినప్పుడు ఆ ఖర్చు ఎవరి పద్దులో చేరుతుందన్న ప్రశ్నకు వైమార్ గణతంత్ర కాలపు జర్మనీ చరిత్ర స్పష్టమైన సమాధానం ఇస్తుంది. 1927 నాటి నిరుద్యోగ బీమా చట్టం నుంచి 1933 ఆరంభం వరకు ఆ భారం నగరాల బడ్జెట్లకు చేరిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నగరాల ఆర్థిక స్థితి

సామాజిక బీమా జర్మనీకి కొత్త కాదు. బిస్మార్క్ హయాంలోనే అనారోగ్య బీమా (1883), ప్రమాద బీమా (1884), వృద్ధాప్య, వైకల్య బీమా (1889) చట్టాలు వచ్చాయి. నిరుద్యోగం మాత్రం చాలాకాలం ఈ పరిధికి వెలుపలే ఉండిపోయింది. ఉపాధి కోల్పోయి ఇతర ఆధారం లేనివారిని స్థానిక సంస్థలే ఆదుకోవలసి వచ్చేది.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత రెండు మార్పులు నగరాలను ఇరకాటంలో పెట్టాయి. మొదటిది, 1919–20లో ఆర్థికమంత్రి మథియాస్ ఎర్జ్‌బెర్గర్ చేపట్టిన పన్నుల సంస్కరణ. దానితో ఆదాయపు పన్ను కేంద్రం అధీనంలోకి వెళ్లింది. అంతకుముందు ఆ పన్నుపై అదనపు సుంకం విధించుకున్న నగరాలకు రాష్ట్రాల ద్వారా అందే వాటా, భూమి పన్ను, వ్యాపార పన్ను, నీరు, గ్యాసు, విద్యుత్తు వంటి సేవల ఆదాయం మాత్రమే మిగిలాయి. రెండవది, 1924 ఫిబ్రవరి నాటి సంక్షేమ ఉత్తర్వు. పేదలను ఆదుకునే చట్టబద్ధమైన బాధ్యతను అది జిల్లాలు, నగరాలపై ఉంచింది. ఆదాయంపై అధికారం తగ్గింది, బాధ్యత మాత్రం స్థిరపడింది.

మూడు అంచెల ఏర్పాటు

1927 జులైలో ఆమోదం పొందిన ఉపాధి కల్పన, నిరుద్యోగ బీమా చట్టం అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. వేతనంలో 3 శాతం చందాను యజమాని, కార్మికుడు చెరి సగం చెల్లించేవారు. నిర్ణీత కాలం పనిచేసి చందా కట్టిన వ్యక్తికి సాధారణంగా 26 వారాలపాటు భృతి హక్కుగా లభించేది. ఆ గడువు తీరినవారిలో అర్హులకు ‘సంక్షోభ సహాయం’ అందేది. దాని ఖర్చులో అయిదింట నాలుగు వంతులు కేంద్రానివి, ఒక వంతు స్థానిక సంస్థలది. అదీ ముగిసినవారు, మొదటి రెండు అంచెలలోనూ చోటు దక్కనివారు నగర సంక్షేమ కార్యాలయానికి వెళ్లవలసిందే. అక్కడి ఖర్చు ప్రధానంగా నగరానిదే.

ఈ నిధిని సుమారు 8 లక్షల మంది నిరుద్యోగులను దృష్టిలో పెట్టుకొని రూపొందించారు. 1928–29 చలికాలంలోనే నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలకు చేరువైంది. చందా పెంచాలా, భృతి తగ్గించాలా అన్న వివాదంలో 1930 మార్చి 27న హెర్మన్ ముల్లర్ నాయకత్వంలోని సంకీర్ణ ప్రభుత్వం రాజీనామా చేసింది.

భారం బదిలీ అయిన తీరు

తరువాత ఛాన్సలర్ అయిన హైన్రిష్ బ్రూనింగ్ కాలంలో చందా 1930 వేసవిలో 4.5 శాతానికి, అక్టోబరులో 6.5 శాతానికి పెరిగింది. ఇంకొకవైపు భృతి పొందే కాలమూ అర్హులూ తగ్గుతూ వచ్చారు. 1931 అక్టోబరులో బీమా భృతి గడువును 26 నుంచి 20 వారాలకు కుదించారు. 1932 జూన్‌లో ఫ్రాన్జ్ ఫాన్ పాపెన్ ప్రభుత్వం ఆరు వారాల తరువాత భృతి కొనసాగాలంటే అవసరాన్ని నిరూపించుకోవాలన్న నిబంధన విధించింది. గడువు తగ్గినంత మాత్రాన ఆకలి తగ్గదు. బీమా జాబితా నుంచి తొలగిన పేర్లలో అనేకం నగర సంక్షేమ జాబితాలో చేరాయి.

1932 ఫిబ్రవరిలో నమోదైన నిరుద్యోగులు 60 లక్షలు దాటారు. 1933 ఆరంభానికి బీమా భృతి పొందుతున్నవారు పది లక్షలలోపే ఉండగా, నగరాలూ జిల్లాలూ పోషిస్తున్నవారు 20 లక్షలకు మించిపోయారు. బీమా సంస్థ తన లెక్కలను చక్కదిద్దుకుంటున్న కాలంలోనే నగరాల పద్దులు కుప్పకూలాయి.

నగరాల ప్రతిస్పందన

1930 జులై అత్యవసర ఉత్తర్వు నగరాలకు బీరు పన్నుతో పాటు ‘పౌర పన్ను’ విధించే అధికారం ఇచ్చింది. రెండవది దాదాపు తలపన్ను వంటిది. అంటే పేదల పోషణకు కావలసిన సొమ్మును స్వల్పాదాయ వర్గాల నుంచి కూడా రాబట్టవలసి వచ్చింది. కొత్త పన్నులకు మండలి అంగీకరించని అనేక పట్టణాలలో రాష్ట్ర ప్రభుత్వాలు ప్రత్యేక కమిషనర్లను నియమించి వాటిని అమలు చేయించాయి. స్థానిక స్వపరిపాలనకు తగిలిన మొదటి దెబ్బలలో ఇదొకటి.

నగరాలు మరో ఉపాయమూ అనుసరించాయి. సంక్షేమ సహాయం పొందుతున్నవారిని బీమా వర్తించే పనులలో కొన్ని నెలలు నియమించుకొనేవి. ఆ కాలం పూర్తి కాగానే వారికి మళ్లీ బీమా హక్కు ఏర్పడేది. కేంద్రం నగరంపైకి నెట్టిన మనిషిని నగరం తిరిగి బీమా నిధివైపు పంపేది. రెండు ఖజానాల మధ్య సాగిన ఈ పోటీలో నిరుద్యోగి ఒక పద్దు సంఖ్యగా మారిపోయాడు.

నగరాల దుబారాయే దుస్థితికి కారణమన్న వాదన అప్పటికే ఉంది. రైష్‌బ్యాంక్ అధ్యక్షుడు హ్యాల్మార్ షాఖ్ట్ 1927 నవంబరులో బోఖుమ్‌లో చేసిన ప్రసంగంలో నగరాలు విదేశీ రుణాలతో విలాస నిర్మాణాలు చేపడుతున్నాయని విమర్శించాడు. నగరాలు స్వల్పకాలిక రుణాలపై ఆధారపడిన మాట వాస్తవం. 1931 జులై బ్యాంకుల సంక్షోభంతో ఆ రుణాలను కొనసాగించుకోవడం దుర్లభమైంది. అయితే ఈతకొలనుల నిర్మాణం నిలిపివేయడం నగరం చేతిలో ఉన్న పని. గడువు తీరి వచ్చిన నిరుద్యోగిని తిప్పి పంపడానికి చట్టం అనుమతించలేదు. అందువల్ల 1930 తరువాతి పతనాన్ని దుబారా వాదన ఒక్కటే వివరించలేదు.

ముగింపు

ఈ బదిలీని లెక్కల మార్పుగా మాత్రమే చూడటం సరికాదు. బీమా భృతి చందాకు ప్రతిఫలం, కార్మికుడి హక్కు. నగర సంక్షేమం అలాంటిది కాదు. అక్కడ కుటుంబ ఆదాయంపై విచారణ ఉండేది, పొందిన సహాయాన్ని తరువాత తిరిగి చెల్లించవలసిన బాధ్యత ఉండేది. చందా కట్టిన మనిషే కొన్ని వారాల తేడాతో అర్థిగా మారేవాడు. కేంద్ర బీమా వ్యయంలో జరిగిన పొదుపు అటు నగరం ఖజానాకు, ఇటు కార్మికుడి గౌరవానికి ఖర్చుగా పరిణమించింది. ఒక బీమా పథకం మిగులు చూపుతున్నదా అన్న పరిశీలన దాని విజయాన్ని నిర్ణయించడానికి చాలదనీ, ఆ పథకం వదిలివేసినవారు ఏ పద్దులో చేరారో కూడా చూడాలనీ వైమార్ నగరాల అనుభవం తెలియజేస్తున్నది.