డీఎం-7కి ఇద్దరు యజమానులు

రాత్రి ఒంటిగంటన్నర. మారతహళ్ళి వైపు పోయే లారీల రొద ఆరో అంతస్తు అద్దాల దాకా వస్తోంది. సాయంత్రం గంటకు పైగా మీరు ఇరుక్కున్న ఔటర్ రింగ్ రోడ్డే ఇది, ఇప్పుడు లారీలు తప్ప ఖాళీ. సెక్యూరిటీ ఆయన టార్చి ఊపుకుంటూ వచ్చి "ఊట ఆయ్తా సార్?" అని పలకరించి పోయాడు. పక్క కుర్చీలో ఒంగోలు కుర్రాడు, చేరి మూడు నెలలు. పేపర్ కప్పులో టీ మీగడ కట్టింది.

"అన్నా, డిస్కు ఇక్కడ కనపడుతోంది. వీఎంకి ఇస్తుంటే అలాంటి ఫైలే లేదంటోంది."

మీరు వంగి చూస్తారు. కేవీఎం సర్వరు. కొత్తగా తీసిన ఎల్‌వీఎం వాల్యూమ్ /డెవ్ కింద శుభ్రంగా ఉంది. ఆ పేరు ఒట్టి లింకు, అసలు పరికరం /డెవ్/డీఎం-7.

"పర్మిషన్లేమోనని 777 కూడా ఇచ్చేశానన్నా."

మీ మొహంలో మార్పు వాడు గమనించకపోతే మంచిదే.

"డిస్కు ఎలా తగిలించావు?"

పాత నోట్సులో దొరికిందట, క్యూఈఎంయూ మానిటర్‌కే నేరుగా ఆదేశం పంపాడు. వీఎంలను నడిపించే లిబ్‌వర్ట్‌కి చెప్పనే లేదు. తప్పు ఇక్కడే దొరికింది.

కీబోర్డు మీ వైపు లాక్కుంటారు. ముందు ఆ వీఎం తాలూకు క్యూఈఎంయూ ప్రాసెస్ నంబరు. /ప్రోక్ కింద దాని మౌంట్ నేమ్‌స్పేస్, అంటే దానికి కనపడే ఫైళ్ళ లోకం, లింకు చూస్తే చదరపు బ్రాకెట్లలో ఒక పొడవాటి అంకె. మీ షెల్‌ది చూస్తే ఇంకో అంకె. ఇప్పుడు ఎన్‌ఎస్‌ఎంటర్‌తో ఆ ప్రాసెస్ లోకానికి వెళ్ళి, /డెవ్ జాబితా అడుగుతారు.

హోస్టులో తెర నిండా పారిన జాబితా ఇక్కడ పిడికెడు. నల్, జీరో, ఫుల్, ర్యాండమ్, యూర్యాండమ్, పీటీఎంఎక్స్, కేవీఎం, ఇంకో రెండు మూడు, ఈ వీఎం పాత డిస్కు. అంతే. డీఎం-7 లేదు. పక్క వీఎంల డిస్కులూ లేవు.

"మిగతావన్నీ ఎటు పోయాయన్నా?"

ఎటూ పోలేదు, అసలు పెట్టలేదు. మౌంట్ నేమ్‌స్పేస్ లైనక్స్‌లోకి 2002లో, 2.4.19తో వచ్చింది. నేమ్‌స్పేస్‌లలో అదే తొలిచూలు. తర్వాత ఇన్ని పుడతాయని ఎవరూ అనుకోలేదు కాబోలు, దాని ఫ్లాగుకి 'కొత్త నేమ్‌స్పేస్' అని మాత్రమే పేరు పెట్టి ఊరుకున్నారు. లిబ్‌వర్ట్ దీన్ని వీఎంల /డెవ్‌కి వాడుకున్నది 2017 జనవరిలో, 3.0.0 విడుదలతో.

దానికి కారణం ఒక పాత తగువు. అంతకుముందు లిబ్‌వర్ట్, వీఎం లేచే ముందు హోస్టులోని పరికర ఫైలుకే యజమానిని మార్చి, లేబుల్ వేసేది. కానీ /డెవ్ మీద పెత్తనం యూడెవ్‌ది. ఎవరైనా ఆ డిస్కును రాయడానికి తెరిచి మూస్తే చాలు, యూడెవ్ వచ్చి తన నియమాల ప్రకారం యజమానిని మళ్ళీ రూట్‌గా మార్చగలదు. ఒకే గాదె మీద ఇద్దరు అన్నదమ్ముల పెత్తనం. యూడెవ్‌కి నచ్చజెప్పే బదులు లిబ్‌వర్ట్ వేరు పడింది. క్యూఈఎంయూని లేపే ముందు విడిగా మౌంట్ నేమ్‌స్పేస్ తీసుకుంటుంది, లోపలి మౌంట్లు బయటికి పొక్కకుండా కట్టడి చేస్తుంది, చిన్న టీఎంపీఎఫ్‌ఎస్‌లో కావలసిన నోడ్లు మాత్రం చేసి, దాన్ని /డెవ్ మీదికి జరుపుతుంది. యూడెవ్‌కి ఆ గది ఉన్నట్టే తెలియదు.

భద్రత అదనపు లాభం. 2015లో బయటపడ్డ వెనమ్ గుర్తుంది కదా, ఫ్లాపీ కంట్రోలర్ కోడులోని తప్పుతో వీఎంలో ఉన్నవాడు క్యూఈఎంయూలోకి దూరే వీలుండేది. అలా దూరినవాడికి ఇప్పుడు పక్కవాళ్ళ డిస్కు తెరుద్దామన్నా పేరే దొరకదు. నోడు ఎలాగో సంపాదించినా సీగ్రూప్ అనుమతించే పరికరాల జాబితాలో దాని అంకె ఉండాలి.

"అయితే నేను ఇచ్చిన 777..."

"గోడ ఇవతల ఇచ్చావు."

ఈసారి వాడినే లిబ్‌వర్ట్ ఆదేశం విర్ష్‌తో డిస్కు తగిలించమంటారు. లిబ్‌వర్ట్ ఒక పిల్ల ప్రాసెస్‌ని ఆ నేమ్‌స్పేస్‌లోకి పంపి, నోడూ, దాని దాకా వెళ్ళే లింకూ లోపల చేయిస్తుంది. ఒక్క రెప్పపాటు. వీఎంలో కొత్త డిస్కు లేచింది.

రెండు కిటికీలు పక్కపక్కన పెడతారు. ఎడమవైపు హోస్టు: డీఎం-7, 253, 7, యజమాని రూట్. కుడివైపు లోపలి గది: డీఎం-7, అవే 253, 7, యజమాని క్యూఈఎంయూ. కుర్రాడు తెర మీద వేలు పెట్టి, రెండు వరుసల్లోని అంకెలనూ పెదవులు కదుపుతూ చదువుకుంటాడు.

ఎడమవైపు వరుస మొదట్లో 777 ఇంకా పళ్ళు ఇకిలిస్తోంది. ఎవరూ చెప్పకుండానే వాడు 660 కొట్టి, చల్లారిన టీ మీద మీగడ తీసేసి ఒక్క గుక్కలో తాగేశాడు.