స్పాటింగ్ స్కోపు
'''స్పాటింగ్ స్కోపు''' అనగా దూరాన ఉన్న పక్షులను, జంతువులను ఒక కంటితో చూడడానికి ఉపయోగించే చిన్న దూరదర్శిని. తూర్పు హైదరాబాదులోని ఉప్పల్ నల్లచెరువు, నాచారం చెరువు వంటి చోట్ల గట్టున నిలిచి కొంగలను, నీటికాకులను గుర్తించడానికి ఇది ఉపకరిస్తుంది. దగ్గరి పక్షులకు బైనాక్యులర్ చాలు.

== ఎంపిక ==
తక్కువ ధరలో కొనేవారు ఆవర్ధనం కన్నా వస్తుకటకం వ్యాసాన్ని ముఖ్యంగా గమనించాలి. వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే కంటిని చేరే కాంతిపుంజం వెడల్పు తెలుస్తుంది. 60 మి.మీ. కటకానికి 20 రెట్ల వద్ద ఇది 3 మి.మీ.; 60 రెట్ల వద్ద 1 మి.మీ. మాత్రమే. అందువలన దృశ్యం మసకబారుతుంది. ఎండవేళ నీటిపై వేడిగాలి కదలికల వలన అధిక ఆవర్ధనం మరింత నిరుపయోగం. గట్టి ట్రైపాడ్ తప్పనిసరి. దాని ఖర్చునూ లెక్కించుకోవాలి.

== జాగ్రత్త ==
స్కోపుతో సూర్యుని చూడరాదు. చూపు శాశ్వతంగా పోవచ్చు.