కనుపర్తి వరలక్ష్మమ్మగారు: గృహమును విడువని సేవ

చరిత్రమనగా రాజుల యుద్ధములు, సంధులు, వంశావళులు మాత్రమేయని మనలో పెక్కండ్రు తలంతురు. ఈ రజతోత్సవ సంచికకు చారిత్రక వ్యాసమొకటి వ్రాసి యిమ్మని గ్రంథాలయ కార్యదర్శిగారు కోరినప్పుడు నాకును మొదట కొండవీటి రెడ్లే జ్ఞప్తికి వచ్చిరి. కాని మన చందాదారులలో స్త్రీల సంఖ్య యేటేట పెరుగుచున్నది. వారి అమ్మమ్మలు, నాయనమ్మలు ఏమి చదివిరో, వారికొఱకై యెవరు వ్రాసిరో తెలుపు చరిత్రయు నొకటి యుండవలదా? అందుచే బాపట్ల ఆడపడుచు శ్రీమతి కనుపర్తి వరలక్ష్మమ్మగారిని గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

వరలక్ష్మమ్మగారు 1896వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన బాపట్లలో జన్మించిరి. తండ్రి పాలపర్తి శేషయ్యగారు, తల్లి హనుమాయమ్మగారు. 1978 ఆగష్టులో కీర్తిశేషులైరి. అనగా ఎనుబదియొక్క సంవత్సరములు దాటిన దీర్ఘజీవితము. నేడు జిల్లాకు ముఖ్యపట్టణమైన బాపట్ల ఆనాడు భావనారాయణస్వామి ఆలయముచే ప్రసిద్ధమైన తాలూకా కేంద్రము. ప్రథమాంధ్ర మహాసభ 1913లో జరిగినది అక్కడనే. ఆంధ్రరాష్ట్రము కావలెనను మాట సభాముఖమున వినబడినప్పుడు ఆమెకు పదునారేండ్ల ప్రాయము. అట్టి గాలి వీచిన యూరిలో పుట్టుటయు నొక భాగ్యమే.

ఆమె వివాహము 1909లో కనుపర్తి హనుమంతరావుగారితో జరిగెను. అప్పటి కామెకు పదునాలుగేండ్లైనను నిండలేదు. ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది. హనుమంతరావుగారు ఆరోగ్యశాఖలో ఇన్‌స్పెక్టరు. మశూచి టీకాలు, కలరా జాగ్రత్తలు, బావుల శుభ్రత, ఇవి యా యుద్యోగపు పనులు. పల్లెల దైన్యమును ప్రతిదినము కన్నులార చూచు పని యది. ఆయన భార్య చేతికి కలమిచ్చి, సంఘసేవకు ప్రోత్సహించిరి. ఆ దినములలో భార్య పేరు పత్రికలో అచ్చగుటయే అప్రతిష్ఠయని యెంచిన గృహస్థులు కోకొల్లలు. కాబట్టి హనుమంతరావుగారి ఔదార్యమును తక్కువగా నెంచరాదు. అయినను సంసారపు బరువంతయు నొకప్రక్క మోయుచు పెక్కేండ్లు సాహిత్యమును విడువకుండుట ఆమె స్వశక్తియే గాని మఱొకరి దయ గాదు.

మన ప్రాచీన వాఙ్మయమున స్త్రీలు కవిత్వము చెప్పకపోలేదు. తాళ్లపాక తిమ్మక్క సుభద్రాకల్యాణము వ్రాసినది. మొల్ల రామాయణము చెప్పినది. తంజావూరి కొలువున రంగాజమ్మ, తరువాత ముద్దుపళని వెలసిరి. కాని వారి కావ్యములు దేవునికో, రాజునకో, పండితసభకో చెందినవి. వంటయింటిలో కూర్చున్న సామాన్య గృహిణిని ఎదుట నిడుకొని, ఆమె బ్రతుకును గూర్చి ఆమెకే వ్రాయుట ఇరువదవ శతాబ్దమున వచ్చిన మార్పు. ఆ మార్పు తెచ్చినవారిలో వరలక్ష్మమ్మగారు ముఖ్యులని నా యభిప్రాయము.

1928లో కె. ఎన్. కేసరిగారు మద్రాసునుండి ‘గృహలక్ష్మి’ మాసపత్రికను వెలువరింప మొదలిడిరి. అందు వరలక్ష్మమ్మగారు ‘శారద లేఖలు’ అను శీర్షికను 1934 వరకు సాగించిరి. శారద యను స్త్రీ కల్పలత యను స్నేహితురాలికి వ్రాయు జాబులివి. ఖద్దరు, అస్పృశ్యత, స్త్రీవిద్య, మహిళాసభలు, పెండ్లి చట్టములు, ఒకటేమి, కాలమున కదిలిన ప్రతి విషయమును ఆ జాబులలోనికి వచ్చెను. జాబు రూపము నెన్నుకొనుటలోనే ఆమె వివేకము కానవచ్చుచున్నది. ఉపన్యాసము వినుటకు సభకు పోవలెను. జాబు ఇంటికే వచ్చును. చదువురాని అత్తగారికి కోడలు దానిని చదివి వినిపింపవచ్చును. ఒకరికి వ్రాసిన జాబును పదిమంది వినుట మన యూళ్లలో ఎల్లర మెఱిగినదే గదా.

బాల్యవివాహ నిరోధమునకై శారదా చట్టము 1929లో ఆమోదింపబడి 1930 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. బాలికకు పదునాలుగు, బాలునకు పదునెనిమిది యేండ్లు నిండక పెండ్లి చేయుట శిక్షార్హమయ్యెను. ఆ చట్టము భయముచే, అమలునకు ముందున్న నెలలలో పసిపిల్లలకు తొందరపడి జరిపించిన పెండ్లిండ్లు దేశమంతట లెక్కకు మిక్కిలి. ఇక మొదట చెప్పిన సంగతికి వత్తము. తాను స్వయముగా ఆ యీడు నిండకమునుపే పెండ్లికూతురైన స్త్రీ, ఆ వివాహమున సుఖముగనే కాపురము చేయుచున్న స్త్రీ, ఆ చట్టము మంచిదని తోటి స్త్రీలకు జాబులు వ్రాసెను. ‘నాకు మంచి జరిగినది గావున ఆచారము మంచిదే’ యని యామె తలంపలేదు. తన యదృష్టమును శాస్త్రముగా జేయని యీ బుద్ధి పండితులలోను అరుదు. సర్కారు ఉత్తరువులు చదివి రైతులకు తెలియజెప్పుట గ్రామలెక్కలు వ్రాయు నావంటివారికి నిత్యకృత్యము. చట్టమును అర్థమగునట్లు చెప్పుట యెంత కష్టమో, కోపము రాకుండ చెప్పుట అంతకంటె నెంత కష్టమో నేనెఱుగుదును.

కథలలో ‘కుటీరలక్ష్మి’ని తప్పక పేర్కొనవలెను. చేనేత కుటుంబపు పతనము అందలి వస్తువు. దీని వెనుక నున్న చరిత్ర కొంత చెప్పవలెను. చీరాల పేరాలలు బాపట్లకు కొలది దూరమున నున్న నేతగాండ్ర యూళ్లు. మగ్గము ఇంటిదే యైనను నూలు మిల్లులనుండి కొనవలసినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున నూలు ధర పెరిగెను. నేసిన బట్టకు మరమగ్గముల బట్ట పోటీయయ్యెను. రెంటి నడుమ నేతగాడు నలిగెను. అదే చీరాల పేరాలలను మునిసిపాలిటీగా మార్చి, నాలుగువేల రూపాయల పన్నును నలువదివేలకు పెంచగా, ప్రజలు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట నూరు విడిచి, రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి నివసించిరి. పదిరెట్లు! ఏ జమాబందిలోనైనను ఇట్టి యంకె చూచి చేయి వణకని లెక్కరి యుండునా?

ఆ సంవత్సరముననే విజయవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమై, తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకు కోటిమంది సభ్యులు, దేశమున ఇరువదిలక్షల రాట్నములు కావలెనని తీర్మానించెను. వరలక్ష్మమ్మగారు గాంధీమహాత్ముని దర్శించినది అప్పుడే. తరువాత 1930లో ఉన్నవ లక్ష్మీబాయమ్మగారు, దుర్గాబాయమ్మగారు మున్నగువారు చెఱసాలకు పోయిరి. వరలక్ష్మమ్మగారి పేరు మనకు వినవచ్చునది చెఱసాల చరిత్రలో గాదు. అందుచే కొందరామెను రెండవ వరుసలో నిలుపుదురు. ఇది న్యాయముగ తోచదు. చెఱసాలకు పోయినవారికి నమస్కారము. కాని రాట్నము తిప్పుటకు చేతులు కావలెను. ఆ చేతులు ఇండ్లలో నున్నవి. ఆ యిండ్ల తలుపు తట్టగలిగినవారు కొలదిమందియే.

1931లో ఆమె బాపట్లలో స్త్రీహితైషిణీమండలిని స్థాపించిరి. 1934లో కేసరిగారు రచయిత్రుల గౌరవార్థము నెలకొల్పిన గృహలక్ష్మి స్వర్ణకంకణము ప్రథమమున ఆమెకే లభించెను. ‘ఆంధ్రపత్రిక’లో ‘లీలావతి’ యను పేరుతో ‘మా చెట్టునీడ ముచ్చట్లు’ వ్రాసినదియు నామెయే. పద్యములు, పాటలు, నాటికలు, నవలలు, రేడియో ప్రసంగములు వేఱుగా నున్నవి. వానినన్నిటిని వివరించుటకు ఇచట స్థలము చాలదు. కొన్నిటిలో నీతిబోధ పాలు హెచ్చినదని విమర్శకు లన్నచో నేను వాదింపను. జాబులలో మాత్రము ఆమె నిజమైన కంఠము వినబడుచున్నది.

పుస్తకము స్త్రీల యొద్దకు పోవుట ఆ దినములలో సులభము గాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో పుస్తకములు పంపి పల్లెలకు చదువు చేర్చిన కాలమది. పత్రిక యొకటి వీథిలోనికి వచ్చిన యెడల అది చేతులు మారి, అట్ట యూడి, తుదకు సామాను పెట్టెలో చేరెడిది. మన గ్రంథాలయమునకు దాతలిచ్చిన పాత పత్రికల కట్టలలో ‘గృహలక్ష్మి’ సంచికలు కొన్ని యున్నవేమోయని నేనీ వ్యాసము వ్రాయుటకు ముందు వెదకితిని. దొరకలేదు. ‘శారద లేఖలు’ పుస్తకమును మన పట్టికలో లేదు. ఈ యేటి కొనుగోలు జాబితాలో దానిని మొదటి పంక్తిలో వ్రాసి, కార్యదర్శిగారికి అందజేసితిని. ఎవరి యింటనైన పాతపెట్టెలో ఆ పత్రిక సంచికలున్నచో, చెదలు పట్టకముందే గ్రంథపాలకునికి చూపుడని మనవి.