ఎక్స్‌పోజర్ (ఛాయాచిత్రకళ)

ఛాయాచిత్రకళలో ఎక్స్‌పోజర్ అనగా ఒక చిత్రం తీసేటప్పుడు ఫిల్ముపై గాని, డిజిటల్ కెమెరాలోని సెన్సరుపై గాని పడే కాంతి పరిమాణం. కాంతి అవసరానికి మించితే చిత్రం తెల్లగా వెలిసిపోయినట్లు వస్తుంది. దీనిని ఓవర్ ఎక్స్‌పోజర్ అంటారు. కాంతి చాలకపోతే చిత్రం నల్లబడుతుంది. ఇది అండర్ ఎక్స్‌పోజర్. అపెర్చర్, షట్టర్ వేగం అనే రెండు అంశాలు కాంతి ఎంత పడాలో నిర్ణయిస్తాయి. ఆ కాంతికి చిత్రం ఎంత వెలుగుగా రావాలో ఐ.ఎస్.ఓ. నిర్ణయిస్తుంది.

అపెర్చర్

కటకంలో కాంతి ప్రవేశించే రంధ్రాన్ని అపెర్చర్ అంటారు. కటకపు నాభ్యంతరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ సంఖ్య. ఉదాహరణకు 50 మి.మీ. కటకంలో రంధ్రపు వ్యాసం 25 మి.మీ. అయితే ఎఫ్ సంఖ్య 2. కనుక సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనే వరుసలో ఒక్కొక్క మెట్టు పెరిగినప్పుడల్లా కాంతి సగమవుతుంది. ఈ మెట్టునే స్టాప్ అంటారు. రంధ్రం చిన్నదైతే దగ్గరి వస్తువులు, దూరపు వస్తువులు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. పెద్దదైతే ముఖం స్పష్టంగా ఉండి వెనుక దృశ్యం మసకబారుతుంది.

షట్టర్ వేగం

షట్టర్ తెరచి ఉండే కాలాన్ని షట్టర్ వేగం అంటారు. సెకనులో 500వ వంతు కాలంలో పరుగెత్తే పిల్లవాడు కదలకుండా నిలిచినట్లు చిత్రంలో కనిపిస్తాడు. 15వ వంతులో చెదిరిపోతాడు. 1838లో డాగురే తీసిన పారిస్ వీధి చిత్రానికి కొన్ని నిమిషాల ఎక్స్‌పోజర్ అవసరమైంది. అందువలన వీధిలో కదులుతున్న జనం, బండ్లు చిత్రంలో నమోదు కాలేదు. బూట్లకు పాలిష్ చేయించుకుంటూ నిలబడిన ఒక మనిషి ఆకారం మాత్రం స్పష్టంగా మిగిలింది.

ఐ.ఎస్.ఓ.

ఇది ఫిల్ము లేదా సెన్సరు వేగాన్ని తెలిపే సంఖ్య. 100 నుండి 200కు మార్చితే సగం కాంతి సరిపోతుంది. ఫిల్ములో ఈ సంఖ్య పెరిగేకొద్దీ రేణువులు ముతకగా కనిపిస్తాయి. డిజిటల్ చిత్రాలలో కాంతి తగ్గించి సంఖ్య పెంచితే నాయిస్ అనే చుక్కలు బయటపడతాయి.

మూడింటి సమన్వయం

ఎండ బాగా ఉన్నప్పుడు ఎఫ్ సంఖ్య 16 ఉంచి, షట్టర్ వేగాన్ని ఐ.ఎస్.ఓ. సంఖ్యకు సమానమైన వంతుగా పెట్టడం పాత పద్ధతి. ఐ.ఎస్.ఓ. 125 అయితే వేగం సెకనులో 125వ వంతు. ఎఫ్ 8, 500వ వంతు పెట్టినా అంతే కాంతి పడుతుంది. కాంతి ఒకటే అయినా చిత్రాలు ఒకటి కావు: మొదటిదానిలో దృశ్యమంతా స్పష్టత పొందుతుంది, రెండవదానిలో కదలిక ఆగుతుంది. ఏది కావాలో కెమెరాకు తెలియదు, తీసేవారే నిర్ణయించాలి.

జాగ్రత్తలు

కెమెరాలోని సాధారణ లైట్ మీటరు ఎదుటి దృశ్యం సగటున బూడిద రంగులో ఉన్నదని భావించి లెక్క కడుతుంది. అందుచేత సున్నం వేసిన గోడ, మల్లెపూల రాశి వంటివి ఫ్రేము నిండా ఉంటే చిత్రం మాసినట్లు వస్తుంది. అప్పుడు ఒకటి లేదా ఒకటిన్నర స్టాపులు పెంచాలి. నల్లని వస్తువులకు తగ్గించాలి. డిజిటల్ చిత్రంలో పూర్తిగా తెల్లబడిన చోట వివరాలను తరువాత రాబట్టలేము. కాబట్టి మళ్ళీ తీయడానికి వీలులేని సందర్భాలలో మొదటి చిత్రాన్ని వెంటనే పరిశీలించి సరిచేసుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

కెమెరా
కటకం
ఛాయాచిత్రకళ